లోడు దించిన బండి

బండి బాగుంటే మనిషి హంతకుడు. బండిలో లోపముంటే మనిషి నిర్దోషి. కేసు మొత్తం ఈ రెండు మాటల మధ్య ఊగుతోంది. సాయంత్రం ఇన్‌స్పెక్టరు కాగితాలు పైకి పంపేలోగా అది ఏదో ఒకవైపు ఒరిగిపోవాలి.

సర్వేయరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. బీమా ఆఫీసులో ప్రమాదాలు జరిగిన బండ్లను పరీక్షించే ఉద్యోగం చేసేదామె. ఒక రిపోర్టు మార్చమంటే మార్చనని బయటికొచ్చేసింది. ఇప్పుడు సొంతంగా కేసులు పట్టుకుని పరిశోధిస్తోంది. ఉద్యోగం పోయినా ఉద్యోగం పేరు మాత్రం ఆమెను వదల్లేదు.

ఎదురుగా కటకటాల వెనక పికప్ డ్రైవరు. రెండు రోజుల గడ్డం. ఒళ్ళో చేతులు ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే వంకర తిరిగి ఉన్నాయి.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అంది.

"ఎన్నిసార్లు చెప్పినా అదే కదమ్మా!"

"అదే కావాలి నాకు. ఈసారి వేరేగా చెబితే అప్పుడు భయపడతాను."

"పైన డిపోలో సిమెంటు ఎక్కించాను. దిగుడు లోడు కట్టించాను. బయల్దేరాను. రెండో మలుపు దాటగానే ఇంజను ఆగిపోయింది."

"ఆగు. దిగుడు లోడంటే?"

"కిందికి దిగేటప్పుడు బస్తాలన్నీ క్యాబిన్ వైపు నెట్టి కడతాం. లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా జారి వచ్చి క్యాబిన్ని గుద్దుతాయి. ఈ రోడ్డు మీద అందరం అలాగే కడతాం."

"సరే. ఇంజను దగ్గి ఆగిందా, టక్కున ఆగిందా?"

"టక్కున. స్విచ్చి నొక్కి లైటు ఆర్పినట్టు."

"వెంటనే ఏం చేశావు?"

"ఎవరైనా చేసేదే. క్లచ్ తొక్కి తాళం తిప్పాను. అందుకోలేదు. బ్రేకు కొట్టాను. మొదటిసారి పట్టింది. రెండోసారి కొంచెం పట్టింది. తర్వాత పెడలు చెక్కలా బిగుసుకుపోయింది. స్టీరింగు రాయి. కింద మలుపులో అన్న నిలబడి ఉన్నాడు, అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు..." అతను అరచేతిని మోకాలికేసి నొక్కాడు. "హారనొక్కటే నా మాట విందమ్మా. దాన్ని నొక్కి పట్టుకునే ఉన్నాను."

చనిపోయిన మనిషిని పికప్ స్టాండులో అందరూ 'అర్జీల అన్న' అనేవాళ్ళు. ఆయనా పికప్ యజమానే. నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోతోందని, బ్రేకు బిగుసుకుపోతోందని చెప్పే ఓనర్లందరినీ కూడగట్టి, కంపెనీ గుమ్మం అరిగేలా తిరిగినవాడు. ఏ జబ్బును నలుగురికీ చూపించాలని తిరిగాడో ఆ జబ్బే వచ్చి ఆయన మీద పడిందా? లేక జబ్బు పేరు చెప్పి ఈ డ్రైవరు పగ తీర్చుకున్నాడా?

"ముందురోజు స్టాండులో అన్నని ఏమన్నావు?"

డ్రైవరు తల దించుకున్నాడు. "నీ సంగతి చూస్తానన్నాను."

"ఎందుకన్నావు?"

"రెండుసార్లు సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. రెండుసార్లూ లోపం లేదన్నారు. అన్న మళ్ళీ తీసుకెళ్ళమన్నాడు. మాటామాటా పెరిగింది. నా కోపం కంపెనీ మీద. దొరికింది అన్న."

ఆమె లేచింది. అబద్ధం చెప్పేవాడు అలాంటి మాట ఒప్పుకోడు. కానీ ఇది కోర్టులో పనికొచ్చే తర్కం కాదని ఆమెకు బాగా తెలుసు.

బయట వరండాలో ఉదయం నుంచి డ్రైవరు భార్య, ఆమె తమ్ముడు ఎదురుచూస్తున్నారు. భార్య కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఏమన్నారు ఆయన?" అని సర్వేయరమ్మని అడిగింది భార్య.

"నీకు చెప్పిందే నాకూ చెప్పాడు. అది మంచిదే. సర్వీసు సెంటరుకి నువ్వు కూడా వెళ్ళావా?"

"రెండోసారి వెళ్ళాను. తీరా వెళ్ళాక లోడు దించి తీసుకురమ్మని వెనక్కి పంపారు. గేటు దగ్గర బోర్డు కూడా ఉంది, బండి ఖాళీగా ఉంటేనే లోపలికి రానిస్తామని. దించి తీసుకెళ్ళాం. వాళ్ళ కుర్రమెకానిక్కు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, వదినగారూ, బండి పెళ్ళికొడుకులా ఉంది, అని నవ్వాడు."

తమ్ముడు అందుకున్నాడు. "నాదీ అదే బండి మేడమ్. ఒకే నెలలో కొన్నాం. ఒక్కరోజు కూడా ఆగలేదు. అదే మా బావకి చేటయింది. 'మీ బావమరిది బండి ఆగదు, నీదే ఆగుతుందా' అంటున్నారు."

సర్వేయరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వేం మోస్తావు?"

"పరుపులు, దిండ్లు."

"బస్తాలెప్పుడైనా మోశావా?"

"లేదు మేడమ్. దూది షాపు కాంట్రాక్టే నాది. బండి నిండా కట్టినా ఈకలా పోతుంది."

ఆమె మనసులో ఎక్కడో గడియ పడినట్టయింది. బరువు మోసేవాళ్ళ బండ్లే ఆగుతున్నాయి. పరీక్షించేవాళ్ళు మాత్రం బరువు లేకుండానే పరీక్షిస్తున్నారు. కింద, లోడు బండ్లను తూచే వేబ్రిడ్జి యార్డులో ఉన్న ప్రమాదబండిని కూడా పోలీసులు లోడు దింపించాకే స్టార్ట్ చేసి చూశారు. ఒక్క తిప్పుకే స్టార్టయిందని రిపోర్టులో రాశారు.

"ఆ బండిని నన్ను ముట్టుకోనిస్తారో లేదో తెలీదు" అంది. "అందుకని నాకు ఇంకో బండి కావాలి. మధ్యాహ్నం నీ బండి తీసుకుని డిపోకి వెళ్ళు. మీ బావ కట్టించినన్ని బస్తాలు, మీ బావ కట్టించినట్టే కట్టించు. యార్డుకి తీసుకురా."

"నేనూ వెళ్తాను వాడితో. ఆయన లోడు ఎలా కట్టిస్తారో నాకు తెలుసు" అంది భార్య.

సర్వేయరమ్మ సరేనంది. ఆ 'సరే' గురించి ఆమె మళ్ళీ ఆలోచించడానికి చాలా గంటలు పట్టింది.

*

వేబ్రిడ్జి యార్డు సరిగ్గా దిగుడు రోడ్డు కింద, ఆఖరి మలుపు దగ్గరే ఉంది. గేటుకు ఎదురుగా, రోడ్డవతల ఒక దర్జీ కొట్టు. ప్రమాదం జరిగిన చోటు ఆ రెంటికీ మధ్య. రోడ్డు మీద ఇసుక చల్లారు గాని మరక ఇంకా పూర్తిగా పోలేదు.

ఇన్‌స్పెక్టరు జీపు దిగగానే సర్వేయరమ్మ ఆయన్ని దర్జీ కొట్టు వైపు నడిపించింది.

"ఇతను సాక్షి కాదు మేడమ్. ఏమీ చూడలేదన్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చూసినవాళ్ళందరితో మీరు మాట్లాడారు. నాకు చూడని మనిషే కావాలి."

దర్జీ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. మిషను గోడవైపు, అతని వీపు రోడ్డువైపు.

"నిజంగానే చూడలేదమ్మా. జరిగిన మర్నాటినుంచి ఈ వీధిలో చూడనివాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు ఊళ్ళో లేనివాడు కూడా చూశానంటున్నాడు."

"ఏం విన్నారు?"

"హారను. ఆపకుండా మోగుతూనే వచ్చింది. ఎవడికిరా ఇంత పొగరు అని తిట్టుకుని మిషను ఆపాను."

"మిషను ఆపాక?"

"హారనే. తర్వాత టైర్ల కింద కంకర నలగడం. తర్వాత..." అతను ఆగాడు. ఆ తర్వాతది చెప్పడం అతనికి ఇష్టం లేదు.

"తర్వాతది వద్దు. దానికి ముందుది చెప్పండి. లోడు బండి దిగుడులో వస్తుంటే ఇంజను ఎలా వినిపిస్తుంది మీకు?"

"ఎలా ఏంటమ్మా, కొట్టు అదిరిపోతుంది. సూదులపెట్టె గలగలలాడుతుంది. రోజూ..." దర్జీ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. చేతిలోని బట్ట జారి ఒళ్ళో పడింది. "ఆవేళ సూదులపెట్టె చప్పుడు చెయ్యలేదమ్మా."

"ఇంజను?"

"వినిపించలేదు. హారనొక్కటే."

ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు. "మాకెందుకు చెప్పలేదయ్యా?"

"మీవాళ్ళు ఏం చూశావన్నారు. ఏం చూడలేదన్నాను. అయితే పక్కకి తప్పుకో అన్నారు. తప్పుకున్నాను."

ఇన్‌స్పెక్టరు చెవి వెనక గోక్కున్నాడు. ముక్కుసూటి మనిషి. బుర్రకు ఎక్కితే వదలడు, ఎక్కేదాకా ఒప్పుకోడు. "హారను కొట్టాడని అందరూ చెప్పారు. బెదిరిస్తూ వచ్చాడనుకున్నాం."

"చంపాలని వచ్చేవాడు తప్పుకోమని హారను కొడతాడా సార్?"

ఆయన వాచీ చూసుకున్నాడు. "నాకు బండ్లు తెలీవు మేడమ్. కంపెనీవాళ్ళు బండిని తీసుకెళ్ళడానికి ట్రాలీ తెచ్చారు. అది ఎక్కేలోగా మీరు ఏం చూపించగలరో చూపించండి."

*

యార్డులో ట్రాలీ ముందు తెల్లచొక్కా నిలబడి ఉన్నాడు.

అతను కంపెనీ తరఫున ఫిర్యాదుల్ని విచారించే ఇంజినీరు. ఒకప్పుడు బీమా ఆఫీసులో సర్వేయరమ్మ పక్క బల్ల అతనిదే. గ్యారేజీలో దొర్లి వచ్చినా చొక్కా మీద మచ్చ ఉండేది కాదు. తెల్లచొక్కా అన్న పేరు పెట్టింది ఆమే. మార్చిన రిపోర్టు మీద ఆమె చెయ్యనన్న సంతకం ఆ రోజు చేసిందీ అతనే.

"రండి మేడమ్! మీరొస్తారని తెలిసి బండికి స్నానం కూడా చేయించలేదు."

"మంచి పని చేశారు సార్. మీ చేతులు పడకముందే చూడాలని పరుగెత్తుకొచ్చాను."

"అనుమానం ఇంకా అలాగే ఉందన్నమాట."

"మీ చొక్కా కూడా."

పికప్ ముందు బంపరు లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఒక దీపం పగిలింది. అంతకుమించి దెబ్బ లేదు. మనిషిని కొట్టాక ఇసుక కుప్పలో దిగబడి ఆగింది. సర్వేయరమ్మ కొంగు బిగించి బండి కిందికి దూరింది. బ్రేకు గొట్టాలు పొడిగా ఉన్నాయి. డీజిలు పైపు బాగుంది. క్యాబిన్ వెనకభాగానికి, బస్తాలుండే తొట్టికి మధ్య వేలు పట్టేంత సందు. ఆ సందులోంచి, బండి అడుగు చట్రమైన చాసిస్ మీదుగా, ఇంజనుకి కరెంటు మోసే వైర్ల కట్ట ఒకటి పోతోంది. ఖాళీ బండిలో ఆ కట్ట దేన్నీ తాకడం లేదు.

టార్చి వేసి చూసింది. వైర్ల మీది నల్లటి తొడుగు ఒకచోట నున్నగా మెరుస్తోంది, రోజూ ఏదో నొక్కినట్టు.

ఆమె బయటికి వచ్చేసరికి తెల్లచొక్కా ఇంజను చూడటం లేదు. బానెట్ ఎత్తి ఉన్నా దాని వైపు తిరగలేదు. ఆమె తల ఎక్కడినుంచి బయటికొచ్చిందో ఆ చోటే చూస్తున్నాడు.

"దొరికిందా?" అన్నాడు.

"స్టార్ట్ చెయ్యండి."

అతను తాళం తిప్పాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. సూటిగా, మెత్తగా నడుస్తోంది.

"చూశారా ఇన్‌స్పెక్టరు గారూ? ఈ మోడలు మీద వచ్చిన ప్రతి ఫిర్యాదుకీ మేం ఇలాగే జవాబు చెప్పాం. బండి తెస్తారు, మేం నడిపిస్తాం, నడుస్తుంది. ఆగుతోంది, ఆగుతోంది అంటారు. మా ముందు ఒక్కటీ ఆగలేదు."

"మీ ముందుకి లోడుతో వచ్చిన బండి ఒక్కటైనా ఉందా?" అని అడిగింది సర్వేయరమ్మ.

"మెకానిక్కు బస్తాల కింద దూరి చావాలా? అది భద్రత కోసం పెట్టిన నియమం."

"ఎవరి భద్రత?"

తెల్లచొక్కా నవ్వు కొంచెం తగ్గింది. ఆమె షెడ్డు వైపు చెయ్యి చూపింది. ప్రమాదంరోజు దింపిన సిమెంటు బస్తాలు అక్కడే దొంతరగా ఉన్నాయి. "ఆ బస్తాలు తిరిగి బండికి ఎక్కించాలి సార్."

"ఇది సాక్ష్యం ఇన్‌స్పెక్టరు గారూ!" తెల్లచొక్కా గొంతు లేచింది. "సాక్ష్యాన్ని మార్చడమే ఇది."

"లోడు దింపినప్పుడే మార్చేశాం. ఇప్పుడు మళ్ళీ మామూలు చేస్తున్నాం" అంది ఆమె.

ఇన్‌స్పెక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, హమాలీలకు సైగ చేశాడు.

బస్తాలు ఎక్కాయి. వెనక చక్రాల స్ప్రింగు కమాన్లు కిందికి వంగాయి. సర్వేయరమ్మ స్వయంగా ఎక్కి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. నడిచింది. ఇంకా నడిచింది. యాక్సిలరేటరు తొక్కింది. గట్టిగా గర్జించిందే గాని ఆగలేదు.

తెల్లచొక్కా చేతులు కట్టుకున్నాడు. "ఇంకో పది బస్తాలు తెప్పించమంటారా? పోనీ నేనూ, ఇన్‌స్పెక్టరు గారూ కూడా ఎక్కి కూర్చోవాలా?"

హమాలీల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వాచీ చూసుకున్నాడు. సర్వేయరమ్మ స్టీరింగు వదల్లేదు. ఎక్కడ తప్పింది? బరువు అదే. బస్తాలు అవే. అద్దంలోంచి వెనక్కి చూసింది. తొట్టి నిండా సమంగా, పద్ధతిగా పేర్చి ఉన్నాయి. చదును నేల మీద పేర్చినట్టు.

దిగి, హమాలీల దగ్గరికి వెళ్ళింది. "దిగుడు లోడు కట్టగలరా?"

"ముందే చెప్పొచ్చు కదమ్మా!" అని విసుక్కున్నాడు పెద్ద హమాలీ. "ఇక్కడ చదునే కదా అని సర్దాం."

బస్తాలు క్యాబిన్ వైపుకి జరిగాయి. ఒకదాని మీద ఒకటి, క్యాబిన్ గోడకు ఆనుకుని. ఆమె బండిని వేబ్రిడ్జి మీదికి ఎక్కించి, అవతలి వాలు మీదికి ముందు చక్రాలు దించింది. చక్రాలకు అడ్డంగా దుంగలు పెట్టించింది. బండి ముక్కు కిందికి, తోక పైకి.

"ఇది నాటకం" అన్నాడు తెల్లచొక్కా. ఈసారి నవ్వు లేదు.

ఇంజను నడుస్తోంది. ఆమె బ్రేకు వదిలింది. బండి అంగుళం ముందుకు జరిగి దుంగలకు తగిలింది. బస్తాల బరువంతా ఒక్కసారి ముందుకు ఒరిగింది.

ఇంజను ఆగిపోయింది.

దగ్గలేదు, ముక్కలేదు. స్విచ్చి నొక్కి లైటు ఆర్పినట్టు.

ఆమె మళ్ళీ తాళం తిప్పింది. అందుకోలేదు. బ్రేకు ఒకసారి తొక్కింది. రెండోసారి. మూడోసారి పెడలు చెక్కలా బిగుసుకుంది.

"ఇన్‌స్పెక్టరు గారూ, వచ్చి మీ కాలు పెట్టి చూడండి."

ఆయన ఎక్కి తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. మొహం మారిపోయింది. దిగి, వంగి, ఆమె చూపించిన సందులోకి చూశాడు. వేలు పట్టే సందు ఇప్పుడు లేదు. ముందుకు ఒరిగిన తొట్టి అంచు వైర్ల కట్టను చాసిస్‌కేసి అదిమి పట్టి, ఇంజనుకి కరెంటు ఆపేసింది.

"లోడు దించితే?"

"సందు మళ్ళీ తెరుచుకుంటుంది. బండి పెళ్ళికొడుకవుతుంది. సర్వీసు సెంటరుకి వెళ్ళే ముందు ఓనర్లు తమ సాక్ష్యాన్ని తమ చేతుల్తోనే దించేసి వెళ్తున్నారు సార్, గేటు దగ్గర బోర్డు చూసి."

అప్పుడామె తెల్లచొక్కా వైపు చూసింది. హమాలీలు నోళ్ళు తెరిచారు. ఇన్‌స్పెక్టరు కళ్ళు పెద్దవయ్యాయి. ఆశ్చర్యపోని మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు.

ఆ సంగతి పైకి అనబోయింది.

దిగుడు రోడ్డు మీద, చాలా పైన, హారను మోగింది. మోగి ఆగలేదు.

మొదట ఆమెకు అర్థం కాలేదు. రోడ్డవతల దర్జీ కొట్టులోంచి బయటికి వచ్చేశాడు. చేతిలో కత్తెర అలాగే ఉంది. అతని మొహం చూశాక అర్థమైంది. హారను వినిపిస్తోంది. దాని వెనక ఇంజను వినిపించడం లేదు.

మీ బావ కట్టించినన్ని బస్తాలు. మీ బావ కట్టించినట్టే.

ఆమె ఫోను తీసి డ్రైవరు భార్య నంబరు నొక్కింది. ఒకసారి తప్పు నొక్కింది. రెండోసారి మోగింది. మోగుతోంది.

"అక్కా! అక్కా, ఆగిపోయిందక్కా!" ఫోనులో కూడా అదే హారను. "బ్రేకు పడ్డంలేదు! వాడు తాళం తిప్పుతున్నాడు, అందుకోవట్లేదు!"

"భయపడకమ్మా, నేను..." అని ఆగిపోయింది. ఏం చెప్పాలి? ఇంతసేపూ ఇంజను ఎందుకు ఆగుతుందో వెతికింది. ఆగాక ఏం చెయ్యాలో ఆమెకు తెలీదు. "నేను..."

చేతిలోంచి ఫోను పోయింది.

తెల్లచొక్కా దాన్ని లాక్కుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. "స్పీకరు పెట్టు! అతనికి వినపడేట్టు పెట్టు! బాబూ, తాళం వదిలెయ్. తిప్పకు, వెనక్కి తియ్యకు, అలాగే ఉంచు. క్లచ్ మీద కాలుందా?"

"ఉంది! ఉంది!"

"తీసెయ్."

"తీస్తే బండి..."

"తీసెయ్ అంటున్నాను! ఏ గేరులో ఉన్నావు?"

"న్యూట్రల్..."

"అయితే మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వెయ్యి. మూడో గేరు. పడదు, గరగరమంటుంది, బలవంతంగా తొయ్యి. పడిందా?"

ఫోనులో ఇనుము ఇనుమును కొరికినట్టు చప్పుడు.

"పడింది!"

"క్లచ్ వదులు. చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. ఇంజను తిరిగితే స్టీరింగు వస్తుంది, బ్రేకు వస్తుంది. బ్రేకు మాటిమాటికీ కొట్టకు. రెండు లెక్కపెట్టు. పెట్టావా? ఇప్పుడొకసారి తొక్కి అలాగే పట్టుకో. లేపకు. కాలు లేపావంటే చస్తావు. అమ్మా, నీ పక్కన హ్యాండ్ బ్రేకుంది. రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా పైకి లాగు. ఒక్కసారిగా కాదు. మెల్లగా. ఎడమవైపు గోడుంది కదా, బండిని దానికి రాయించు. రాసుకుంటూ పో. అద్దం పోతే పోనీ."

ఇన్‌స్పెక్టరు అప్పటికే రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఈలలు వేస్తూ మనుషుల్ని పక్కకి నెడుతున్నాడు. దర్జీ కత్తెర ఊపుతూ స్కూటరువాణ్ణి ఆపాడు. పై మలుపులో పికప్ కనిపించింది. ఎడమ పక్క గోడకు గీసుకుంటూ, నిప్పురవ్వలు రాల్చుకుంటూ వస్తోంది. అద్దం ఎగిరి రోడ్డు మీద పడింది. వేగం తగ్గుతోంది. సరిపోతుందా?

"పట్టుకో. పట్టుకునే ఉండు. రెండో గేరు. ఇప్పుడు. అంతే. అంతే నాన్నా, వచ్చేశావు."

బండి మరకకు ఇవతల, నాలుగడుగుల దూరంలో ఆగింది.

హారను ఇంకా మోగుతూనే ఉంది. తమ్ముడి చెయ్యి దాని మీదినుంచి రావడం లేదు. అక్క పక్కనుంచి వంగి, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. నిశ్శబ్దం వచ్చింది. తర్వాత క్యాబిన్లోంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది.

సర్వేయరమ్మ వెళ్ళి తలుపు తీసింది. డ్రైవరు భార్య ఆమె భుజం మీద పడిపోయింది. "ఆయన అబద్ధం చెప్పలేదక్కా" అంది. "ఇప్పుడు తెలిసింది నాకు. అచ్చం ఇలాగే చెప్పారు."

"నిన్ను పంపకుండా ఉండాల్సింది" అంది సర్వేయరమ్మ. ఆ మాట చాలా చిన్నదిగా వినిపించింది ఆమెకే.

వెనక్కి తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు తెల్లచొక్కా ఎదురుగా నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా చొక్కా చంకల దాకా తడిసిపోయింది. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

"మీ ముందు ఒక్క బండీ ఆగలేదన్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతు పెంచలేదు. "మరి ఆగితే ఏం చెయ్యాలో మీకెవరు నేర్పారు?"

తెల్లచొక్కా ఏదో ఒక అబద్ధం దొరుకుతుందేమోనని ఒక క్షణం వెతుక్కున్నట్టున్నాడు. తర్వాత వెతకడం మానేశాడు.

"ఎవరూ నేర్పలేదు. టెస్టు బండిలో ఇదే జరిగింది. స్టీరింగు మీద నేనే ఉన్నాను. క్లచ్ వదలాలని తట్టేసరికి గోడ దగ్గరికి వచ్చేసింది." ఫోను సర్వేయరమ్మ చేతిలో పెట్టాడు. "మర్నాడు కంపెనీలో చెప్పాను. చూస్తామన్నారు. ఆ తర్వాతి వారం గేటుకి బోర్డు వచ్చింది."

"అర్జీల అన్నకి తెలుసా?" అని అడిగింది సర్వేయరమ్మ.

"నా దగ్గరికే వచ్చేవాడు. లోపం లేదని నా నోటితోనే చెప్పి పంపాను. అయిదుసార్లు."

ఆమెకు చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. ఆ సంతకం రోజునుంచి దాచుకున్నవి కూడా. ఒక్కటీ అనలేదు. రోడ్డు మీద ఇద్దరు మనుషులు బతికి ఉన్నారు, అతను నోరు తెరిచాడు కాబట్టి. అదే నోరు ముందే తెరిచి ఉంటే ముగ్గురుండేవాళ్ళు.

"ఇదంతా స్టేషన్లో చెప్తారా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"చెప్తాను."

"డ్రైవర్ని సాయంత్రం ఇంటికి పంపించే ఏర్పాటు చూస్తాను మేడమ్. పై అధికారికి నేనే చెప్పుకుంటాను." ఆయన టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. గెలిచిన కేసు ఇంత బరువుగా ఉంటుందని సర్వేయరమ్మ అనుకోలేదు.

"నువ్వు ఒక్కటి చెప్పు" అంది తెల్లచొక్కాతో. పక్క బల్ల రోజుల తర్వాత అతన్ని 'నువ్వు' అనడం ఇదే మొదటిసారి. "ఈ రోడ్డు మీద ఇలాంటి బండ్లు ఇంకా ఎన్ని తిరుగుతున్నాయి?"

అతను తలెత్తి దిగుడు పైకి చూశాడు.

డిపో మూసే వేళ. పై మలుపు తిరిగి ఒక పికప్ కిందికి వస్తోంది. అదే మోడలు. బస్తాలు క్యాబిన్ వైపుకి కొండలా ఎత్తి కట్టి ఉన్నాయి. దాని వెనక ఇంకొకటి.

ఇన్‌స్పెక్టరు రోడ్డు మధ్యలోకి నడిచి చెయ్యి ఎత్తాడు. దర్జీ గుమ్మంలో కదలకుండా నిలబడ్డాడు. సర్వేయరమ్మ కళ్ళు మూసుకుని చెవి అటు పెట్టింది.

కొట్టులో సూదులపెట్టె గలగలలాడుతోంది. ఇంకా.